ఇరవై రెండు అక్షరాలు

1992 జూన్. అమెరికాలోని బోస్టన్ ప్రాంతం. సాయంత్రం. ఫోనుకు ఈ చివర విక్టర్ ఆంబ్రోస్, ఆ చివర గ్యారీ రువ్కున్. ఇద్దరికీ నలభైకి అటూ ఇటూ వయసు. ఇద్దరి ముందూ కాగితాలు. ఒకాయన ఒక అక్షరం చదువుతాడు. రెండో ఆయన తన కాగితం మీద వేలు పెట్టి దాని జోడీ అక్షరం చెబుతాడు.

యు అంటే ఏ. సి అంటే జి. మళ్లీ సి, మళ్లీ జి. ఇంకో సి, ఇంకో జి. యు, ఏ. జి, సి. ఏ, యు. జి, సి.

ఎనిమిది అక్షరాలు వరసగా అతికాయి.

ఆ సాయంత్రం ఎవరు ముందు మాట్లాడారో, మధ్యలో ఎంతసేపు ఊపిరి బిగబట్టారో ఎవరూ రికార్డు చేయలేదు. అక్షరాలు ఒకరికొకరు చదివి వినిపించుకున్నామని మాత్రం తర్వాత వాళ్లే చెప్పారు. అప్పటికి వాళ్ల చేతిలో ఉన్నది ఒక పురుగు జన్యువు. మనిషి గురించి గానీ, క్యాన్సర్ గురించి గానీ, ఎక్కడో గోదావరి ఒడ్డున బొగ్గు బావుల ఊళ్లో ఓ ఇల్లాలి కడుపులో పెరిగే గడ్డ గురించి గానీ వాళ్లు ఆలోచించే సందర్భమే లేదు.

ఆ పురుగు పేరు సి. ఎలిగన్స్. మట్టిలో బతికేది, పొడవు ఒక మిల్లీమీటరు. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి మైక్రోస్కోపు కింద పెడితే ఏ కణం ఎప్పుడు పుట్టిందో, ఎటు పోయిందో కళ్లారా చూడొచ్చు. ఇందులో లిన్-4 అనే జన్యువు చెడిపోయిన పురుగులు కొన్ని ఉన్నాయి. వాటి బతుకు విచిత్రం. పెద్దవవుతాయి గానీ చిన్నతనం దాటవు. లార్వా దశలో చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తుంటాయి. గుడ్లు పెట్టే ద్వారమే ఏర్పడదు. కడుపులో గుడ్లు నిండుతాయి, బయటికొచ్చే దారి ఉండదు. అక్కడే పొదిగి, పిల్లలు తల్లి కడుపులోనే తిరుగుతాయి. పరిశోధకులు ఈ పురుగుల్ని ఏళ్ల తరబడి చూశారు. దీనికి సరిగ్గా ఎదురు జన్యువు లిన్-14. లిన్-4 పని లిన్-14ను ఆపడమని ఆంబ్రోస్‌కు తెలుసు. ఎలా ఆపుతుందన్నదే తేలలేదు.

ఆంబ్రోస్ ప్రయోగశాలలో ఆ చిక్కుముడి పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇద్దరు మహిళలు. ఒకరు రోజలిండ్ లీ, ఆయన భార్య. మరొకరు రోండా ఫైన్‌బామ్. జన్యువు అన్నాక దాంట్లోంచి ఒక ప్రోటీన్ తయారు కావాలి, ఆ ప్రోటీన్ పని చేయాలి. అప్పటి పాఠం అదే. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్. వాళ్లు లిన్-4 ఉన్న డీఎన్ఏ ముక్కను కోసుకుంటూ కోసుకుంటూ 700 అక్షరాల దాకా తెచ్చారు. ఆ కాస్త ముక్కను చెడిపోయిన పురుగులోకి పంపితే పురుగు బాగుపడుతోంది. అంటే జన్యువు అందులోనే ఉంది. ప్రోటీన్ మాత్రం లేదు. ప్రోటీన్ ఉంటే చెడిపోవలసిన చోట కావాలనే అక్షరాలు మార్చి చూశారు. అయినా జన్యువు పనిచేస్తూనే ఉంది!

చివరికి దొరికింది రెండు ఆర్ఎన్ఏ ముక్కలు. ఒకటి 61 అక్షరాలు, ఇంకొకటి 22. వేల అక్షరాల జన్యువులతో పనిచేసేవాళ్లకు 22 అక్షరాలంటే ఏ లెక్కా కాదు. కానీ అసలు పని ఆ చిన్నదానిదే. అది ప్రోటీన్‌గా మారదు. లిన్-14 ఆర్ఎన్ఏ తోక భాగానికి వెళ్లి అతుక్కుంటుంది, ఒక్క చోట కాదు, ఏడు చోట్ల. అతుక్కోగానే లిన్-14 ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది. ఫోనులో ఇద్దరూ చదువుకున్నది ఆ అతుకునే.

1993 డిసెంబరులో ‘సెల్’ పత్రికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి లీ, ఫైన్‌బామ్, ఆంబ్రోస్‌లది. మరొకటి రువ్కున్ బృందానిది. లోకం పెద్దగా పట్టించుకోలేదు. పురుగులో ఏదో వింత, మనకెందుకు అన్నట్టే ఏడేళ్లు గడిచిపోయాయి. ఆంబ్రోస్‌కైతే హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగమే దక్కలేదు, ఆ వ్యాసం రాకముందే డార్ట్‌మత్ కాలేజీకి వెళ్లిపోయాడు. 2000లో రువ్కున్ మళ్లీ ఇలాంటి చిన్న ఆర్ఎన్ఏనే ఇంకొకదాన్ని పట్టుకున్నాడు. పేరు లెట్-7. ఇది పురుగులోనే కాదు, ఈగలో ఉంది, చేపలో ఉంది, మనిషిలోనూ ఉంది. అప్పుడు గానీ కలకలం లేవలేదు. ఇప్పుడు మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయని లెక్క. వాటికి మైక్రో ఆర్ఎన్ఏ అని పేరు పెట్టారు. 2024 అక్టోబరు 7న ఆంబ్రోస్‌కూ, రువ్కున్‌కూ నోబెల్ బహుమతి ప్రకటించారు. 1993 వ్యాసంలో మొదటి పేరు రోజలిండ్ లీది. నోబెల్ సంస్థ భార్యాభర్తల ఫొటో పెట్టి, ఆవిడే ఆ వ్యాసానికి మొదటి రచయిత్రి అని కింద రాసింది. బహుమతి పంచుకోవడానికి ముగ్గురి దాకా వీలుండగా ఇద్దరితో ఆపి, ఆవిణ్ని ఫొటో కింద వాక్యంలో పెట్టడం నాకైతే మింగుడుపడలేదు.

మనిషి డీఎన్ఏ మొత్తంలో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగం రెండు శాతం కూడా ఉండదు. మిగతాదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. శ్రీరాంపూర్‌లో పెరిగినవాణ్ని కాబట్టి నాకు ఓబీ దిబ్బలు గుర్తొస్తాయి. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద ఉండే మట్టి, రాయి అంతా ఓబీ. డంపర్లు రాత్రింబవళ్లు మోసి పోస్తే గుట్టలయ్యాయి. బొగ్గుకే లెక్క, ఓబీకి విలువేముంది అనుకునేవాళ్లం. తర్వాత సింగరేణి సంస్థే ఆ ఓబీని కడిగి ఇసుక తీసి, బొగ్గు తవ్వేసిన భూగర్భ గనుల ఖాళీల్లో నింపడం మొదలుపెట్టింది. బావి పైకప్పు కూలకుండా ఆపేది ఆ ఇసుకే. కణంలోనూ ప్రోటీన్ ఇవ్వని ఆర్ఎన్ఏలు ఏ జన్యువు ఎంత పని చేయాలో, ఎప్పుడు ఆగాలో చూస్తుంటాయని తేలింది. వీటినే నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు అంటున్నారు. ఇరవై పైచిలుకు అక్షరాల మైక్రో ఆర్ఎన్ఏలు ఇందులో ఒక జాతి. రెండొందలకు మించి వేలల్లో అక్షరాలున్న పొడవువి మరో జాతి.

ఆ ఆపే చెయ్యి తప్పితే ఏమవుతుంది? కణం చెప్పిన మాట వినదు.

దీనికి మొదటి సాక్ష్యం రక్త క్యాన్సర్‌లో దొరికింది. సీఎల్ఎల్ అనే ఒక రకం ల్యుకేమియాలో సగానికి పైగా రోగులకు 13వ క్రోమోజోములో ఒక ముక్క మాయమవుతుంది. ఆ ముక్కలో క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువేదో ఉండి ఉండాలని ఎన్నో ప్రయోగశాలలు ఏళ్లపాటు వెతికాయి. ప్రోటీన్ ఇచ్చే జన్యువులన్నీ పరీక్షించారు, దొంగ దొరకలేదు. 2002లో కార్లో క్రోచె, జార్జి కాలిన్ బృందం చెప్పిందేమంటే, అక్కడ పోయింది ప్రోటీన్ జన్యువు కాదు, పక్కపక్కన ఉండే రెండు మైక్రో ఆర్ఎన్ఏలు, మిర్-15, మిర్-16. అందరూ బొగ్గు కోసమే వెతికారు మరి.

ఇక్కణ్నుంచి కథ మా శ్రీరాంపూర్‌కు రావాలి. మా క్వార్టర్ల దగ్గర ఓ పెద్దమ్మ ఉంది. పేరు రాయను. ఆమె భర్త ఆర్కే-6 బావిలో చేసి రిటైరయ్యాడు. ఒకరోజు ఆమె నన్ను పిలిచి ప్లాస్టిక్ కవరులోంచి ఒక వస్తువు తీసి అరచేతిలో పెట్టింది. రెండు వేళ్ల వెడల్పు తెల్లని ప్లాస్టిక్ క్యాసెట్, దాని మీద గట్టిగా అతుక్కున్న మైనం దిమ్మె. మైనంలో గోధుమరంగు మరకలాగా ఓ ముక్క. అంచున పెన్సిల్‌తో రాసిన నంబరు. దవాఖానల్లో బ్లాక్ అంటారు. ఒక ఆస్పత్రిలో ఆపరేషనైతే, ఇంకోచోట రెండో అభిప్రాయం అడిగినప్పుడు మనవాళ్లు ఈ బ్లాకునూ స్లైడ్లనూ సంచిలో వేసుకుని మంచిర్యాలలో రైలెక్కుతుంటారు. దాని విలువ చాలామందికి చెప్పేవాళ్లుండరు.

“గిండ్ల ఏముంటది బిడ్డా?” అంది.

“నీ గడ్డ ముక్కనే పెద్దమ్మా. మైనంల పెట్టి దాసిండ్రు.”

“గింతేనా! గీ మందమే నన్ను గింత గోస పెట్టిందా?”

గోస నిజమే. మొదట్లో ఆమెకు కడుపు ఉబ్బరం. రెండు ముద్దలు తినంగనే కడుపు నిండినట్టయ్యేది. చీర కుచ్చిళ్ల దగ్గర బిగుసుకుంటోందని కోడలితో అంటే, ఒళ్లు వచ్చిందని నవ్వుకున్నారట. దగ్గర్లో చూపించుకున్న చోట గ్యాస్ బిళ్లలు రాసిచ్చారు, అవే ఆర్నెల్లు మింగింది. కడుపులో నీరు చేరాక స్కానింగ్ తీశారు. సీఏ-125 అనే రక్త పరీక్షలో అంకె ఎక్కడికో పోయింది. అప్పుడు హైదరాబాద్. అక్కడ మూడు విడతలు కీమో ఎక్కించి, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి, మళ్లీ మూడు విడతలు ఎక్కించారు. అండాశయ క్యాన్సర్‌కు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కలిపి ఇచ్చే ఈ పద్ధతి ప్రపంచమంతటా ఇలాగే ఉంటుంది.

ఈ జబ్బు కథే అంత. 2022లో ప్రపంచంలో సుమారు 3 లక్షల 24 వేల మంది ఆడవాళ్లకు కొత్తగా అండాశయ క్యాన్సర్ బయటపడింది, 2 లక్షల 6 వేలకు పైగా చనిపోయారు. మన దేశపు ఆడవాళ్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత స్థానం దీనిదే. మొదట్లో నొప్పి ఉండదు, రక్తం కనిపించదు. కనిపించేవి అజీర్తి లక్షణాలు. అవి ఏ ఇంట్లో లేవు?

పెద్దమ్మ నన్ను పిలిచింది బ్లాక్ చూపించడానికి కాదు.

“మా పొలగాడు ఫోన్ల సూసిండట. గా ఆర్ఎన్ఏ పరీక్షనో ఏందో చేత్తే మనిషి ఎన్నొద్దులు బతుకుతదో చెప్తరట. నిజమేనా? నువ్వు పేపరోనివి గదా.”

పేపరోణ్నే గానీ అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. చదివి చెబుతానన్నాను. పైన రాసిన పురుగు కథంతా అలా చదివిందే. దాని తర్వాతి భాగం ఇది.

అండాశయ క్యాన్సర్‌కు ఇప్పటిదాకా పేరున్న మార్కర్, అంటే జబ్బు జాడ చెప్పే గుర్తు, సీఏ-125. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం కనిపెట్టింది. పేరులో 125 ఎందుకంటే, వాళ్లు పరీక్షించిన యాంటీబాడీలలో పనికొచ్చింది 125వది. అది మంచి మార్కరే గానీ పెంకిది. నెలసరిలో పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, కడుపు టీబీలోనూ పెరుగుతుంది. టీబీ ఇంకా పోని మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. కడుపులో నీరు, పెరిగిన సీఏ-125 చూసి క్యాన్సర్ అనుకుని కోస్తే టీబీ అని తేలినవాళ్లున్నారు. బ్రిటన్‌లో 2 లక్షల 2 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఏటేటా ఈ పరీక్షలు చేస్తూ పోతే మరణాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. 2021లో వచ్చిన జవాబు: తగ్గలేదు.

కాబట్టి ఇంకేదైనా కావాలి. మైక్రో ఆర్ఎన్ఏ మీద ఆశ అక్కడ పుట్టింది. 2005లో ఒక బృందం 217 మైక్రో ఆర్ఎన్ఏల లెక్కలు తీసి, వాటినిబట్టే గడ్డ ఏ అవయవం నుంచి వచ్చిందో చెప్పొచ్చని చూపింది. 2007లో క్రోచె బృందమే అండాశయ క్యాన్సర్‌లో ఏ మైక్రో ఆర్ఎన్ఏలు పెరిగాయో, ఏవి తరిగాయో జాబితా వేసింది. అదే ఏడు షికాగో విశ్వవిద్యాలయంలో మార్కస్ పీటర్ బృందం పట్టుకున్నది మన పాత పరిచయాన్నే, లెట్-7ను. పురుగు ఎదుగుదలకు కాలం చెప్పే ఆ ముక్క అండాశయ గడ్డల్లో తగ్గిపోతే, అది అదుపులో పెట్టవలసిన హెచ్ఎంజీఏ2 అనే ప్రోటీన్ విజృంభిస్తుంది. అలాంటి గడ్డలున్నవాళ్ల గతి బాగాలేదని వాళ్లు చూశారు. ఏడేళ్ల కింద పురుగులో దొరికిన అక్షరాలు ఆడమనిషి కడుపులో గడ్డ ఎంత మొండిదో చెబుతున్నాయి!

తర్వాతి ఏడు, 2008 డిసెంబరులో, ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన వ్యాసం అందరి కళ్లూ తిప్పింది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో అనిల్ సూద్ బృందం 111 మంది రోగుల గడ్డలు తీసుకుంది. వాళ్లు చూసింది మైక్రో ఆర్ఎన్ఏను కాదు, దాన్ని తయారుచేసే ఎంజైములను. పొడవాటి ఆర్ఎన్ఏను కణకేంద్రకంలో ఒక కోత కోసేది డ్రోషా. బయటికి వచ్చాక రెండో కోత కోసి ఇరవై రెండు అక్షరాలకు తెచ్చేది డైసర్. గడ్డల్లో సగానికి పైగా డైసర్ తగ్గి ఉంది, ఇంచుమించు అంతే వాటిలో డ్రోషా తగ్గి ఉంది. రెండూ నిండుగా ఉన్న గడ్డలవాళ్లు సగటున పదకొండేళ్లకు మించి బతికారు. మిగతావాళ్లు 2.66 ఏళ్లు.

ఆ రెండంకెలు పక్కపక్కన చూస్తే ఎవరికైనా మనసు ఆగదు. పొలగాడి ఫోనులోకి ఎక్కిన వార్త మూలం ఇలాంటిదే ఏదో అయి ఉంటుంది.

ఆ తర్వాత వరద. ఏ ఏడు చూసినా కొత్త ఆర్ఎన్ఏ, కొత్త జాబితా. పొడవు జాతిలో హాటైర్ అని ఒకటి. 2007లో జాన్ రిన్, హవర్డ్ చాంగ్ చర్మకణాల్లో కనిపెట్టారు. 2010లో రొమ్ము క్యాన్సర్ పాకడానికి తోడ్పడుతుందని తేలింది. 2014లో చైనా పరిశోధకులు అండాశయ గడ్డల్లోనూ ఇది ఎక్కువున్నవాళ్లు తక్కువకాలం బతుకుతున్నారని రాశారు. జాబితాలు పెరిగినకొద్దీ ఒకదానికొకటి పొంతన కుదరలేదు. ఒకరి జాబితాలో చెడ్డదైన ఆర్ఎన్ఏ ఇంకొకరి జాబితాలో అసలే లేదు. డైసర్ విషయంలోనూ తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు.

ఎందుకిలా? కారణాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. గడ్డలో ఏది పెరిగిందో తెలియాలంటే మామూలు కణంతో పోల్చాలి. చాలామంది అండాశయం పైపొర కణాలతో పోల్చారు. కానీ ఎక్కువమందిని చంపే హైగ్రేడ్ సీరస్ రకం చాలావరకు అండాశయంలో పుట్టదని, పక్కనున్న ఫాలోపియన్ ట్యూబు కొసన పుట్టి అండాశయం మీదికి పాకుతుందని ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో తేలుతూ వచ్చింది. పోల్చిన ఇల్లే వేరైతే లెక్క ఎలా కుదురుతుంది? పైగా ఒకరు మంచులో పెట్టిన గడ్డ వాడతారు, ఒకరు మైనం దిమ్మె, ఒకరు రక్తం. ఒకరి మిషను ఇంకొకరి మిషను కాదు. చాలాచోట్ల రోగుల సంఖ్య వందలోపు.

మైనం దిమ్మె దగ్గర ఒక మంచి మాట ఉంది. పొడవాటి ఆర్ఎన్ఏ ఫార్మలిన్‌లో, మైనంలో ముక్కలు ముక్కలై పాడవుతుంది. ఇరవై రెండు అక్షరాల ముక్కకు విరగడానికి చోటే తక్కువ. అందుకే ఏళ్ల నాటి బ్లాకుల్లోనూ మైక్రో ఆర్ఎన్ఏను చదవొచ్చు. పెద్దమ్మ అరచేతిలోని ఆ దిమ్మెలో ఆమె గడ్డ చేసిన పనులు చాలాభాగం భద్రంగానే ఉన్నాయన్నమాట. పారేయకుండా దాచుకోవాలని చెప్పడానికి నాకు దొరికిన మొదటి కారణం అది.

ఉన్నవాటిలో పద్ధతిగా జరిగిన పని ఇటలీది. మిలాన్‌లోని జాతీయ క్యాన్సర్ సంస్థలో డెలియా మెజ్జాంజానికా, మరీనా బాన్యోలి బృందం 179 మంది గడ్డల నుంచి 35 మైక్రో ఆర్ఎన్ఏలతో ఒక లెక్క కట్టింది. పేరు మిరోవార్. ముఖ్యమైన సంగతేమంటే, కట్టిన లెక్కను అక్కడే వదిలేయలేదు. వేరే 263 మంది మీద ఒకసారి, 452 మంది మీద మరోసారి సరిచూశారు. జబ్బు త్వరగా తిరగబెట్టేవాళ్లనూ, ఆలస్యంగా తిరగబెట్టేవాళ్లనూ ఆ లెక్క వేరుచేసింది. 2016లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చింది. అయినా క్యాన్సర్ డాక్టర్లు ఈ పరీక్ష చూసి మందు మార్చడం నేటికీ మామూలు వాడుకలోకి రాలేదు. దశ ఎంత, ఆపరేషన్‌లో ఎంత గడ్డ మిగిలింది, గడ్డ రకమేమిటి, తల్లిదండ్రుల నుంచి దిగే బీఆర్‌సీఏ జన్యువు ఎలా ఉంది అన్నవే ఇంకా నిర్ణయాలు చేస్తున్నాయి.

నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది, అది సీఏ-125తోనే బయటపడింది. చికిత్స అయిపోయి బాగున్న రోగులకు మూణ్నెల్లకోసారి సీఏ-125 చూస్తూ ఉంటే, జబ్బు తిరగబెట్టే ముందే అంకె పెరుగుతుంది. అంకె పెరగ్గానే కీమో మొదలుపెడితే మేలు కదా? ఎవరైనా అవుననే అంటారు. యూరప్‌లో దీన్నే పరీక్షించారు. అంకె పెరిగిన 529 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు వెంటనే కీమో. రెండో జట్టుకు అంకె సంగతి చెప్పకుండా, లక్షణాలు వచ్చాకే కీమో. 2010లో గార్డన్ రస్టిన్ బృందం ఫలితం ప్రకటించింది. మొదటి జట్టు సగటున 25.7 నెలలు బతికింది, రెండో జట్టు 27.1 నెలలు. ముందు తెలుసుకున్నవాళ్లు ఎక్కువ బతకలేదు. కీమో మాత్రం ముందు మొదలైంది, ఒళ్లు బాగున్న నెలలు పోయాయి.

జబ్బు ఎటు పోతుందో చెప్పే మార్కర్ ఒకటి, ఏ మందు పట్టుతుందో చెప్పే మార్కర్ ఇంకొకటి. పేపర్లలో, ఫోన్లలో రెండూ కలిపేసి రాస్తాం, మా వృత్తిలో ఇది మామూలు పాపం. నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు ఇప్పటికి మొదటి పనిలోనే కొంత చేయి తిరిగాయి, రెండో పనిలో ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. బీఆర్‌సీఏ అలా కాదు. అది చెడినవాళ్లకు ఓలాపరిబ్ మందు కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టే, లేదా చనిపోయే ముప్పు 70 శాతం తగ్గిందని 2018లో తేలింది. అక్కడ తెలుసుకోవడానికీ చేయడానికీ మధ్య దారి ఉంది.

ఇదంతా పెద్దమ్మకు ఎలా చెప్పాలి? పురుగు కథ చెప్పాను. తల్లి కడుపులోనే పిల్లలు తిరుగుతాయంటే “అయ్యో” అంది. పదకొండేళ్లు, రెండున్నరేళ్ల లెక్క చెప్పలేదు. ఆ పరీక్ష మన దగ్గర డాక్టర్లు వాడరని, వాడినా నీ మందు మారదని చెప్పాను.

“మందు మారంది ఎందుకు బిడ్డా గా పరీక్ష? జాతకం సూపిచ్చుకునుడే గద.”

నవ్వాను. ఆమె నవ్వలేదు.

“గట్లైతే నాది ఇడువు. గీ రోగం మా అమ్మకు గూడ ఉండె. కడుపుల నీళ్లచ్చి పోయింది. అప్పుడు ఎవలకు తెల్సు? మరి నా బిడ్డలకు?”

ఆ ప్రశ్నకు మాత్రం ఇవాళ సైన్సు దగ్గర గట్టి జవాబు ఉంది. బీఆర్‌సీఏ1 జన్యువు చెడి పుట్టిన ఆడవాళ్లలో ఎనభై ఏళ్లు వచ్చేసరికి నూటికి 44 మందికి అండాశయ క్యాన్సర్ వస్తుందని, బీఆర్‌సీఏ2 అయితే 17 మందికని 2017లో పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ బిడ్డకు దిగే అవకాశం సగానికి సగం. పిల్లలు కన్నాక తగిన వయసులో ట్యూబులు, అండాశయాలు తీయించుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది. నాయనమ్మ, అమ్మమ్మల జబ్బుల పేర్లు కూడా తెలియని మన ఇళ్లలో, కడుపుల నీళ్లచ్చి పోయింది అన్న ఒక్క మాటే కుటుంబ చరిత్ర. డాక్టరుకు చెప్పవలసింది ఆ మాటే. ఇంతవరకూ ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

“బిడ్డల రక్తం ఇయ్యాల్నా?”

“ముందుగాల నీదే పెద్దమ్మా. నీకు లేదంటే వాళ్లకు ఆ భయం చానా తగ్గుతది. నీకుంటే అప్పుడు వాళ్లకు. నీకుంటే నీ మందు గూడ మారచ్చు.”

“మరి గిది ముందుగాల చెప్పవైతివి!”

రిపోర్టు వెనక్కి తిప్పి నా ముందు పెట్టింది. బీఆర్‌సీఏ అని తెలుగులో పెద్దగా రాశాను, కింద ‘అమ్మకు కూడా ఇదే జబ్బు’ అని రాశాను. పక్క గదిలో ఉన్న కొడుకును కేకేసింది.

“అరే, మంథని అక్కకు ఫోన్ కలుపు. చెన్నూర్ దానికి గూడ.”